గేటు దీపం

"లైట్‌హౌస్‌లో ఉద్యోగమంటే ఏం చేస్తారండి? సాయంత్రం స్విచ్చి వేసి, పొద్దున్న తీసేస్తారా?"

ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో ఈ ప్రశ్న అడగనివాడు లేడు. బస్సుల్లో అడిగారు, పెళ్ళిళ్ళలో అడిగారు. మా వియ్యంకుడైతే పెళ్ళిచూపులనాడే, నోట్లో జంతిక పెట్టుకుని మరీ అడిగాడు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి. తర్వాత్తర్వాత "అంతేనండి, మీరూ రండి, తలా ఒకరోజు వేద్దాం" అనడం మొదలుపెట్టాను. మనిషికి ఓపిక కూడా ఒక వయసు దాకానే ఉంటుంది.

ఇప్పుడు మా వీధిలో ఒకతనికి ఈ ఉద్యోగం వచ్చింది. చేరేముందు వచ్చి, "మీ అనుభవాలు చెప్పండి మాస్టారూ" అన్నాడు. నేను మాస్టర్ని కాను, కానీ ఇక్కడ తెల్లచొక్కా వేసుకున్న ప్రతివాడూ మాస్టారే. ఆరోజు టీ ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి పంపించేశాను. చెప్పాల్సినది ఒకటుంది. అది మొహం మీద చెప్పలేక ఇలా రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు.

మొదటి పాఠం

నా మొదటి పోస్టింగు ఇక్కడికి చాలా దూరం, వేరే తీరంలో. అక్కడి హెడ్ కీపరు వెంకటరత్నంగారు. బక్కపలచటి మనిషి, ముక్కుమీద కోపం. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పని దీపం వెలిగించడం కాదు, తెర వేయడం.

లైట్‌హౌస్ లెన్సు అంటే మనిషి ఎత్తు గాజు పంజరం. రాత్రి లోపలి వెలుగుని పోగుచేసి సముద్రం మీదికి విసురుతుంది. పగలు సూర్యుడి వెలుగుని అదే విధంగా పోగుచేసి లోపలికి విసురుతుంది. అందుకని తెల్లారగానే చుట్టూ గుడ్డ తెరలు దించాలి. ఒకరోజు నేను కునుకు తీసి ఆ పని మరిచిపోయాను. మెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన అప్పటికే పైన ఉన్నారు. దీపం పక్కన నేను వదిలేసిన తుడుపుగుడ్డ పొగలు కక్కుతోంది. ఆయన దాన్ని చెప్పుతో నలిపి, తెరలు తనే దించి, "ఏవయ్యా, నువ్వు పెట్టిన దీపం నువ్వు చెప్పినట్టే వింటుందనుకున్నావా?" అన్నారు.

రెండోది ఆయన సొంత పద్ధతి. ఏ రూలు పుస్తకంలోనూ లేదు. నేను చేరిన వారానికే, "నీ దీపాన్ని ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు.

"రోజూ చూస్తూనే ఉన్నాను కదండీ."

"దాని కడుపులో కూర్చుని చూస్తున్నావు. దాన్ని నమ్ముకున్నవాడికి ఎలా కనపడుతుందో చూసిరా."

సాయంత్రం వేటకి వెళ్ళే నావలో నన్ను ఎక్కించేశారు. వరిచేల మధ్య పుట్టినవాణ్ణి. పెనుగొండ దగ్గర పల్లె మాది, సముద్రం అంటే సెలవుల్లో కాళ్ళు తడుపుకునే నీళ్ళు. పేగులు నోట్లోకొచ్చేదాకా వాంతులు చేసుకున్నాను. చీకటి పడింది. ఎటు చూసినా ఒకటే నలుపు, కింద నీళ్ళు ఊగుతున్నాయి. నాకు నిజంగా భయం వేసింది. అప్పుడు దూరంగా చిటికెన వేలి గోరంత వెలుగు ఒకసారి మెరిసి ఆరింది. మళ్ళీ మెరిసింది. నావలో నలుగురూ అటే చూస్తున్నారు. నా ఉద్యోగం ఏంటో నాకు ఆ నావలో తెలిసింది, వాంతి మరకల చొక్కాతో.

తిరిగొచ్చాక వెంకటరత్నంగారు, "ఏ స్టేషనుకి వెళ్ళినా మొదటి వారంలో ఈ పని చెయ్యి. ప్రతి మొగకీ దాని బుద్ధి దానికుంటుంది, ప్రతి ఊరివాడూ దీపాన్ని తనకి కావలసినట్టు వాడుకుంటాడు" అన్నారు. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. నాలుగు స్టేషన్లలో ఆయన చెప్పినట్టే చేశాను. ఐదోదాంట్లో చేయలేదు.

సొంత జిల్లా

ఐదోది మా గోదావరి జిల్లాలోనే వచ్చింది. తొంభైల మొదట్లో సంగతి. మొగల్తూరు దాటి ఇంకా కిందికి పోతే, ఒక పక్క నది పాయ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఇసుక మొన. ఆ మొన చివర మా లైట్‌హౌస్. దానికి ఆనుకుని క్వార్టర్సు, నుయ్యి, ప్రహరీ, సముద్రం వైపు గేటు. సరుగుడు తోట అవతల పల్లెకారుల పాలెం, నలభై ఇళ్ళు ఉంటాయేమో.

ఇన్నాళ్ళూ పరాయి భాషల మధ్య బతికాం. మా సుభద్ర అయితే "అమ్మయ్య, బేరమాడితే నాకు అర్థమయ్యే ఊరొచ్చింది" అంది. నాకూ అదే ధీమా. మన గోదారే కదా, మన మనుషులే కదా, నాకు తెలియనిదేముంది? వెంకటరత్నంగారు చెప్పిన పని ఈ వారం కాదు వచ్చే వారం అనుకున్నాను. పైగా ఇప్పుడు నేనే హెడ్ కీపర్ని. పాలెంవాళ్ళ ముందు వాంతులు చేసుకోవడానికి నామోషీ. చిన్నవాళ్ళకి చెప్తున్నాను, పరాయి ఊళ్ళో చేసే తప్పులు చిన్నవి. అన్నీ తెలుసనుకున్న ఊళ్ళో చేసేవే పెద్దవి.

చోటు మాత్రం దేవుడిచ్చిన చోటు. పొద్దున్నే తెరలు దించడానికి పైకెక్కితే, నీళ్ళు పెరిగే పోటు మీద మొగలోకి వచ్చే డాల్ఫిన్ల వీపులు కనపడేవి. ఒడ్డున ఎర్రపీతలు, మనిషి అలికిడి వింటే ఇసుకంతా ఒక్కసారి ఖాళీ. చలికాలంలో ఎక్కడెక్కడినుంచో కొంగలు, ఉల్లంకులు వచ్చేవి. సంక్రాంతి దాటినప్పటినుంచీ మొనకి ఉత్తరపు ఒడ్డున సముద్రపు తాబేళ్ళు ఎక్కేవి. చేటంత తాబేలు ఆయాసపడుతూ ఇసుకలోకి వచ్చి, గొయ్యి తీసి, గుడ్లు పెట్టి, కప్పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేది. పాలెంవాళ్ళకి అది కూర్మావతారం. వలలో పడితే పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి వదిలేసేవారు.

నూకాలు ఆ పాలెం మనిషే. భర్త సత్తియ్యకి ఇంజిన్ నావ ఉండేది. అతనూ, తమ్ముడు పోలయ్యా, ఇంకో ఇద్దరూ కలిసి వేటకి వెళ్ళేవారు. నూకాలు పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చేది. వేట లేని రోజుల్లో కాలవ రొయ్యలో, పీతలో తెచ్చేది. మా ఆవిడకీ ఆవిడకీ రోజూ పేచీయే.

"ఏంటి నూకాలూ, ఇవి చేపలా, సూదులా?"

"ఏవండమ్మగారూ, సముద్రం ఏది పెడితే అదే తెస్తానండి. నేనేవన్నా పెంచానా?"

ఇద్దరికీ ఆ పేచీ లేకపోతే తోచేది కాదు.

గేటు దగ్గర దీపం

అక్కడికెళ్ళిన రెండో ఏడు, వానాకాలంలో ఒక సాయంత్రం, సుభద్ర గేటు దగ్గర రక్తపింజరి మీద కాలేయబోయి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. నేను వెంటనే పైవాళ్ళకి రాసి, పోరి, గేటు పక్కన స్తంభం వేయించి పెద్ద మెర్క్యురీ దీపం పెట్టించాను. వాకిలంతా పట్టపగల్లా అయింది. నేను మహా గొప్ప పని చేసినట్టు రెండు రోజులు అటూ ఇటూ తిరిగాను.

కొన్నాళ్ళకి నూకాలు తట్ట దించుతూ, "మీ గేటు దీపం చల్లగుండాలండి బాబుగారూ. మావోళ్ళు రాత్రి అన్నానికి ఇంటికొచ్చేస్తున్నారండి" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. మర్యాదకి అందనుకున్నాను. దీపానికీ అన్నానికీ ఏంటి సంబంధం అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సత్తియ్య బతికేవాడు. నాకు అడగాలని తట్టలేదు.

ఐదారేళ్ళు అలాగే గడిచాయి.

చేటలో పిల్లలు

ఒక ఏడు శివరాత్రి వెళ్ళాక, పొద్దున్నే సుభద్ర కేక వేసింది. "ఏవండీ, ఒకసారి ఇటు రండి." పాము అనుకుని కర్ర పట్టుకుని వెళ్ళాను.

గేటు దీపం కింద, వాకిట్లో, ప్రహరీ పొడుగునా తాబేలు పిల్లలు. నల్లగా, రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దవి. కాకులు తిన్నవి తినగా మిగిలినవి. కుక్కలు చాలావాటిని కొరికేశాయి. కొన్ని దీపస్తంభం చుట్టూ తిరిగి తిరిగి ఎండి చచ్చిపోయాయి. సుభద్ర చేట పట్టుకుని కదిలేవాటిని ఏరుతోంది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రుద్దుకుంటోంది.

"సముద్రం అనుకుని మన గుమ్మంలోకి వచ్చాయండీ" అంది. "మనం పిలిచినట్టే వచ్చాయి."

పన్నెండో పదమూడో బతికాయి. చేటతో తీసుకెళ్ళి నీళ్ళలో వదిలాం. మిగతావి నేనే గొయ్యి తీసి పూడ్చాను. ఆ తీరం చూసే ఫారెస్టు ఆయన రామకృష్ణగారు కబురు విని సైకిల్ మీద వచ్చారు. నిదానస్తుడు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుగుంటే అటే సముద్రం అనుకుంటుందని ఆయన చెప్పారు. "పైన తిరిగే పెద్దదీపంతో పేచీ లేదండి, అది వాటి తలమీంచి పోతుంది. కింద నిలబడి వెలిగేది, అదండి ప్రమాదం. ఇన్నేళ్ళూ గూళ్ళు దూరంగా ఉండేవి, ఈ ఏడు ఒడ్డు కోసుకుపోయి మీ గేటు దగ్గరికొచ్చాయి. ఇంకా చాలా గూళ్ళున్నాయి. రోజుకొకటి విచ్చుకుంటుంది" అన్నారు.

ఆ రోజు మంగళవారం. నేను ఎలక్ట్రీషియన్ని పిలిపించి, గేటు దగ్గర దీపం విప్పించి, నూతి దగ్గర గోడకి పెట్టించాను. అక్కడైతే క్వార్టర్సు అడ్డొచ్చి ఉత్తరపు ఒడ్డుకి వెలుతురు పడదు. తాబేళ్ళకి బాధ లేదు, నూతి దగ్గరకి వెళ్ళే సుభద్రకి పాము భయం లేదు. మొగ వైపు నుంచి మాత్రం కనపడుతుంది. అది నేను గమనించాను. గమనించి, ఆ, అయితే ఏంటిలే అనుకున్నాను.

ఆ రాత్రి ఇంకో గూడు విచ్చుకుంది. ఒక్క పిల్ల కూడా మా వాకిట్లోకి రాలేదు. సుభద్ర దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టింది. నా అంత మంచివాడు ఈ తీరంలో లేడనుకున్నాను.

శుక్రవారం

దక్షిణపు గాలి ఎక్కువగా ఉందని మంగళ, బుధ, గురువారాలు పాలెంలో ఎవరూ వేటకి వెళ్ళలేదు. శుక్రవారం తెల్లారకముందే మూడు నావలు వెళ్ళాయి. చీకటి పడ్డాక అందరికంటే ముందు సత్తియ్య నావ తిరిగొచ్చింది. పాటు లాగుతోంది, అంటే నీళ్ళు తగ్గుముఖం. నావ మొగలో ఇసుకమేట ఎక్కి, అల అడ్డంగా కొట్టి, బోర్లాపడింది. వెనకొస్తున్న రెండు నావలూ కేకలు విని బయటే ఆగిపోయాయి. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకి చేరారు. సత్తియ్య నావ కింద వలలో చిక్కుకుపోయాడు.

నేను ఆ సమయంలో పైన దీపం దగ్గరే ఉన్నాను. గాలి హోరులో ఏమీ వినపడలేదు. లాగ్‌బుక్‌లో ఆ రాత్రికి నా చేతిరాత ఇప్పటికీ ఉండి ఉంటుంది: లైటు సక్రమంగా పనిచేసింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

తెల్లవారి ఒడ్డుకి వెళ్ళాను. నూకాలు ఇసుకలో కూర్చుని భర్త పాదాలు పట్టుకుని ఉంది. ఏడుపు అయిపోయినట్టుంది. పోలయ్య ఒళ్ళంతా గీరుకుపోయి, దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"ఎలా జరిగింది పోలయ్యా?" అన్నాను.

"ఏవోనండి బాబుగారూ. ఎప్పట్లాగే వచ్చామండి. మీ చిన్నదీపం కనపడింది, దాని నెత్తిమీద పెద్దదీపాన్ని నిలబెట్టుకున్నాం. రెండూ ఒక్క గీత మీద ఉంటే కాలవ నడిమధ్యన ఉన్నట్టండి. ఇన్నేళ్ళూ అలాగే వచ్చాం. మేట ఎక్కేసిందండి. మొగ జరిగిపోయిందండి బాబుగారూ, గోదారి మోసం చేసేసింది."

చిన్నదీపం. వాళ్ళు నూతి దీపాన్ని గేటు దీపం అనుకున్నారు, గీత కాలవ మీంచి మేట మీదికి తిరిగింది. నేను దాన్ని ఆర్పేసి ఉంటే, వాళ్ళు కరెంటు పోయిందనుకుని బయటే లంగరు వేసుకుని తెల్లారేదాకా ఆగేవారు. దీపం పెట్టకముందు అలాగే ఆగేవారట. నేను ఆర్పలేదు, జరిపాను. చుక్కని చూసి దారి పట్టేవాడికి చుక్కనే జరిపేశాను.

చుట్టూ ఉన్నవాళ్ళు "మొగ జరిగింది, మొగ జరిగింది" అంటున్నారు. గోదావరి మొగలు జరగడం మామూలే. ఎవరికీ అనుమానం రాలేదు. నేను నోరు తెరిచాను. తల ఊపి వచ్చేశాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు చచ్చిపోతుంది.

పది రోజులు

ఇంటికొచ్చి ముందు నూతి దీపం ఫ్యూజు పీకేశాను. తర్వాత మా పై అధికారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చెడ్డవాడు కాదాయన. "వాకిట్లో దీపం నావలకి దారి చూపించే దీపం కాదు కదండీ. మన లైటు వెలిగింది. మీరెందుకు నెత్తిమీద వేసుకుంటారు? ఏమీ రాయకండి, ఏమీ మాట్లాడకండి" అన్నారు. నా మంచికే చెప్పారు. నాకూ ఆ మాట చల్లగానే ఉంది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు దాన్ని పట్టుకుని వారం రోజులు బతికాను.

మన పెద్దదీపం ఒక్క రాత్రి ఆరితే దేశదేశాల ఓడలకి కబురు వెళుతుంది. దానికో పద్ధతి ఉంది. పెరటి దీపానికి ఏ పద్ధతీ లేదు. కానీ దాన్ని చూసుకుని ఇంటికొచ్చేవాడికి ఏది ఆఫీసు దీపమో ఏది పెరటి దీపమో ఎలా తెలుస్తుంది? వాడికి రెండూ దీపాలే.

సుభద్రకి చెప్పాను. అన్నం ముందు కూర్చుని చెప్పాను, అన్నం అలాగే ఉండిపోయింది. "తాబేళ్ళ కోసం నేనే కదండీ తొందరపెట్టాను" అంది. ఆ పాపంలో సగం ఆవిడ తీసుకోబోతోంది. నాకు అది ఇంకా భరించలేనిదైంది.

ఇంతలో రామకృష్ణగారు గూళ్ళు చూడ్డానికి వచ్చి, మాటల్లో ఒక సంగతి చెప్పారు. పెద్దకర్మ అయ్యేదాకా పాలెంలో ఎవరూ వేటకి వెళ్ళరట. అది అయిన మర్నాటినుంచి దక్షిణంగా కొత్త దారి పట్టుకుంటారట. పోలయ్య దారి గుర్తుకి గడలు పాతడానికి సిద్ధం చేస్తున్నాడట.

దక్షిణం వైపు కాలవ లేదు. రాళ్ళు తేలిన పాత గట్టు ఉంది. నేను పైనుంచి రోజూ పాటు వేళ చూసేవాణ్ణి. నేను నోరు మూసుకుని కూర్చుంటే పోలయ్య నావ ఆ గట్టుకి కొట్టుకుంటుంది. జరగని మొగ జరిగిందని నమ్మి, మంచి దారి వదిలి, చావు దారిన పోతారు. ఒక మనిషిని తెలియక చంపాను. ఇక పోయేవాళ్ళని తెలిసి చంపినట్టే.

పదకొండో రోజు

పెద్దకర్మనాడు పాలెం వెళ్ళాను. సుభద్ర తనూ వస్తానంది. వద్దన్నాను. పందిట్లో భోజనాలయ్యాయి. పోలయ్య ఇసుకలో వేలితో గీత గీసి ఇంకో ఇద్దరికి కొత్త దారి చూపిస్తున్నాడు. నేను వెళ్ళి ఆ గీతని కాలితో చెరిపేశాను.

"మొగ ఎక్కడికీ జరగలేదు పోలయ్యా. దీపాన్ని నేను జరిపాను" అన్నాను.

మొత్తం చెప్పాను. తాబేలు పిల్లల సంగతి, మంగళవారం, నూతి గోడ, అన్నీ. పోలయ్య లేచి నా చొక్కా పట్టుకున్నాడు. గుండీలు రెండు తెగాయి. "ఒడ్డు మీద తల ఊపారు కదండీ! తల ఊపారు కదండీ మీరు!" అంటాడు, అంతకంటే మాట రావడం లేదతనికి. ఒక ముసలాయన వచ్చి విడిపించాడు. కొట్టి ఉంటే బాగుండేదని నాకప్పుడు అనిపించింది.

నూకాలు గుమ్మంలో కూర్చుని ఉంది.

"మంగళవారం మార్చారా అండి?" అంది.

"మంగళవారం నూకాలూ."

"మంగళవారం నేను పీతలు తెచ్చానండి మీ ఇంటికి. బుధవారం రొయ్యలు తెచ్చాను. గురువారం కూడా వచ్చానండి. అమ్మగారు మంచినీళ్ళిచ్చారు. మీరు వరండాలో పేపరు చదువుకుంటున్నారు."

నేను తల వంచుకున్నాను.

"తాబేళ్ళు మాకూ దేవుడేనండి. దీపం తీసెయ్యమంటే మేవే తీసేద్దుం. ఒక్కమాట చెప్తే సరిపోయేది కదండి బాబుగారూ. రోజూ మీ గుమ్మంలోకే వచ్చేదాన్ని కదా."

తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తెగిన గుండీలు ఏరుకుని ఇంటికొచ్చేశాను.

డబ్బాలో దీపం

ఆ తర్వాత వారం నేను పోలయ్య నావ ఎక్కాను. అతను పిలవలేదు, నేనే అడిగాను. నా మొహం చూసి, "ఎక్కండి" అన్నాడు. ఆ స్టేషనుకి వచ్చిన ఏడేళ్ళకి, వెంకటరత్నంగారు చెప్పిన పని చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వాంతులు మామూలే. ఎవరూ నవ్వలేదు.

రామకృష్ణగారు, ఎర్ర వెలుగుకి తాబేలు పిల్లలు అంతగా తిరగవని చెప్పారు. పాత ఆయిల్ డ్రమ్ముకి మొగ వైపు మాత్రం సన్నగా చీలిక కోయించి, దానికి ఎర్ర గాజు బిగించి, లోపల చిన్న బల్బు పెట్టి, మళ్ళీ గేటు స్తంభం మీదికే ఎక్కించాం. మిగతా మూడు వైపులా చీకటే. సాయంత్రం పోలయ్య నావలోంచి లాంతరు ఊపుతుంటే, నేను నిచ్చెన మీద నిలబడి డ్రమ్ముని అంగుళం అంగుళం తిప్పాను. లాంతరు ఎడంపక్కకి ఊగితే ఎడమకి, కుడిపక్కకి ఊగితే కుడికి. నిలకడగా ఆగాక అక్కడే బోల్టు బిగించాను. మర్నాడు నావలు పాత దారినే, మంచి దారినే వచ్చాయి. ఆ ఏడు చివరి గూళ్ళలో పిల్లలు కూడా సముద్రం వైపే వెళ్ళాయి.

పైవాళ్ళకి కూడా నేనే రాసిచ్చాను. ఒక మెమో వచ్చింది. అది కాగితాల సంగతి, వదిలేయండి.

నూకాలు మా గుమ్మంలోకి మళ్ళీ రాలేదు. తట్ట నెత్తిన పెట్టుకుని గేటు ముందునుంచే మొగల్తూరు బస్సుకి వెళ్ళిపోయేది. సుభద్ర వరండాలో నిలబడి చూసేది, పిలిచేది కాదు. ఆ మౌనం మా ఆవిడ ఆయుష్షులో కొన్నేళ్ళు తీసుకుంది.

నేను మాత్రం ఒక పని పెట్టుకున్నాను. దీపం తుడవడానికి పది నిమిషాలు ఆర్పాలన్నా, బల్బు మార్చాలన్నా, ఆఖరికి గేటుకి రంగు వేయాలన్నా, ముందురోజు పాలెం వెళ్ళి నూకాలుకి చెప్పేవాణ్ణి. పోలయ్యకి చెప్పొచ్చు కదా అనొచ్చు మీరు. ఆవిడకే చెప్పేవాణ్ణి. ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూ, నా వైపు చూడకుండా, "ఆయ్, అలాగేనండి" అనేది. వచ్చేసేవాణ్ణి. అలా ఏళ్ళు గడిచాయి.

ఒకటో తారీకు

నేను రిటైరయ్యే నెలలో కొత్త కీపరు వచ్చాడు, చురుకైనవాడు. చార్జి అప్పగించే కాగితాల మీద సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. ముందు నావ ఎక్కమన్నాను. "ఎందుకండీ, ఇప్పుడు నావల్లో కూడా మిషన్లొచ్చాయి కదా, దారి అవే చూపిస్తాయి" అన్నాడు. నేను పెన్ను జేబులో పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజుకి ఎక్కాడు. పోలయ్య తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక పాలిపోయిన మొహంతో గేటు దగ్గర నిలబడి ఎర్రదీపం వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు సంతకం పెట్టాను.

మీకూ అదే చెప్తున్నాను బాబూ. నా మాట చాదస్తమనిపించినా సరే, మొదటి వారంలో నావ ఎక్కండి. మీ దీపం ఏదో మీకు మీ ఆఫీసు చెప్తుంది. నావలవాళ్ళు ఏ దీపాన్ని నమ్ముకున్నారో మాత్రం వాళ్ళే చెప్పాలి. మార్చేది మంచికోసమే అయినా, మంచికోసమైతే మరీనూ, ముందు అడగండి.

బయల్దేరే ముందురోజు పాలెం వెళ్ళాను. నూకాలు ఎప్పట్లాగే ఎండుచేపల దగ్గర కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది.

"రేపు ఒకటో తారీకు నూకాలూ. నా ఉద్యోగం అయిపోయింది. కొత్తాయన ఉంటాడు ఇకనుంచి" అన్నాను.

చేపలు తిరగేసే చెయ్యి ఆగింది. "దీపం సంగతి ఆయనకి చెప్పారా అండి?"

"చెప్పాను. పోలయ్య నావలో వెళ్ళి చూసొచ్చాడు."

"ఆయ్." మళ్ళీ ఒక చేప తిరగేసింది. తర్వాత తలెత్తి, ఇన్నేళ్ళలో మొదటిసారి, నా మొహంలోకి చూసింది.

"ఎల్తానని ముందే చెప్పారండి బాబుగారూ" అంది. "మా ఆయన చెప్పకుండా ఎల్లిపోయాడు."

నాకు దుఃఖం ఆగలేదు. ఆవిడ ముందే ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. నేను తేరుకునేదాకా చేపలు ఒక్కొక్కటే తిరగేస్తూ కూర్చుంది.